పెంకుటిల్లు డెవలప్‌మెంటుకు ఇచ్చాక పెదవాల్తేరులో మిగిలేది ఏమిటి?

ప్రశ్న
విశాఖపట్నం పెదవాల్తేరులో మా తాతగారు కట్టిన పెంకుటిల్లు ఉంది. పెరటివైపు రెండు వాటాల్లో ఇస్త్రీ పని చేసుకునే కుటుంబమూ, ఆటో నడిపే కుటుంబమూ ఇరవై ఏళ్ళుగా అద్దెకు ఉంటున్నాయి. ఇల్లు డెవలప్‌మెంటుకు, అంటే బిల్డరు కూల్చి ఫ్లాట్లు కట్టి మాకు వాటా ఇచ్చేలా, ఇద్దామని అన్నయ్యలు పట్టుబడుతున్నారు. మా వంతుకు రెండు పెద్ద ఫ్లాట్లు వస్తాయి కానీ, ఆ రెండు కుటుంబాలకు ఈ చుట్టుపక్కల అందుబాటు అద్దెకు ఇల్లు దొరకదు. సాయంత్రం మా అరుగు మీద చేరే ముసలమ్మల్లో ఇద్దరు ఇప్పటికే ఊరి చివర మధురవాడకు వెళ్ళిపోయారు. ఊరు పెరుగుతూనే తన తీరు నిలుపుకునే దారి ఏదైనా ఉందా?

కోటవీధి నుంచి
మా వన్ టౌన్ కథ వేరు. 1933లో ఓడరేవు ప్రారంభమైన నాటి సందడి క్రమంగా జగదాంబ, ద్వారకానగర్ల వైపు తరలిపోవడంతో, ఇక్కడ పాత ఇళ్ళు కొన్ని కూలగొట్టేవారు లేకనే మిగిలాయి. అయితే ఉప్పుగాలికి మా మిద్దె దూలంలో మేకులు తుప్పుపట్టి రాలుతున్నాయి, ఆ పని తెలిసిన వడ్రంగి దొరకడం లేదు. ఇల్లు అలాగే ఉంచినంత మాత్రాన నిలవదండి.

ఎం.వి.పి. కాలనీ నుంచి
పన్ను సంగతి కూడా చూడండి. 2021 నుంచి మన రాష్ట్రంలోని పట్టణాల్లో ఆస్తి పన్నును అద్దె విలువను బట్టి కాక మూలధన విలువను, అంటే స్థలం, కట్టడం విలువను బట్టి వేస్తున్నారు కనుక, పక్కన ఫ్లాట్లు లేచి స్థలం విలువ పెరిగితే పెంకుటింటి మీదా ఆ భారం పడుతుంది. మీ అన్నయ్యలను తప్పుపట్టలేను. రెండు పెద్ద ఫ్లాట్లకు బదులు ఒక పెద్దదీ, అద్దెకున్నవారికి ఇచ్చేలా రెండు చిన్నవీ అడగండి. సంతకానికి ముందే అగ్రిమెంటులో రాయించండి.

పెద జాలరిపేట నుంచి
రెండు గదుల్లో మూడు తరాలు సర్దుకున్న ఇంట్లో పుట్టాను, కొత్త ఇళ్ళు నాకూ కావాలి. కానీ వల పరుచుకుని చిరుగులు కుట్టుకోవడానికి ఇసుక కూడా కావాలి. అమ్మ నెత్తళ్ళు అనే చిన్న చేపలు ఎండబెట్టే చోట వాసన వస్తోందని కొత్తగా వచ్చినవారు ఫిర్యాదు చేశారు. అప్పటి నుంచి ఆవిడ తెల్లవారకముందే తట్ట ఎత్తుకుని దూరంగా వెళ్ళి ఆరబెడుతోంది. అద్దెకున్నవారితో ముందుగా మీరే మాట్లాడండి, బిల్డరు నోట విననివ్వకండి.

అడిగినవారు
ఈ రాత్రికే ఆ రెండు వాటాల వారితో మాట్లాడతాను. చిన్న ఫ్లాట్ల మాట ఆదివారం అన్నయ్యల ముందు పెడతాను.