అప్‌డేట్: అమ్మ పాత సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషిన్ మళ్ళీ తిరుగుతోంది

సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. 1998లో కొన్న మెషిన్, మోటారు గుయ్‌మంటోంది గానీ తిరగట్లేదు, తీసేయాలా అని అడిగాను. కెపాసిటర్ (మోటారు తిరగడం మొదలుపెట్టడానికి ఊతమిచ్చే భాగం) చూడమన్నవాళ్ల మాటే నిజమైంది. కర్రతో కాస్త తోస్తే తిరిగేది, కెపాసిటర్ పోయిందనడానికి అదే గుర్తట. మెకానిక్ వెనక రేకు విప్పితే కెపాసిటర్ పైభాగం ఉబ్బి ఉంది. దాని సామర్థ్యం 10 మైక్రోఫారడ్ ఉండాల్సింది 3 చూపించింది. పది నిమిషాల్లో మార్చేశాడు, మొత్తం 350 రూపాయలు. బెల్టు, వోల్టేజీ, గేర్‌బాక్స్ అన్నీ బాగానే ఉన్నాయి.

మా కొత్త ఫ్రంట్ లోడ్‌లో బేరింగ్ పోతే టబ్బు మొత్తం మార్చాలన్నారు, అతికించేసిన టబ్బు విప్పడం కుదరదట. అమ్మ మెషిన్‌లో ప్రతి భాగమూ స్క్రూలతో ఊడి వస్తుంది. నాకది చాలా విలువైన సంగతి.

ప్లగ్ తీసినా కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉండొచ్చు, మీరే విప్పేటట్లయితే జాగ్రత్త.