‘బొసీడొక్టర్’ని తెలుగులో ఏమందాం?

మిత్రులారా, ఒక సబ్‌టైటిల్ పని దగ్గర ఇరుక్కున్నాను. విషయం కేప్‌టౌన్‌లో ఆకులూ వేళ్లూ అమ్ముతూ వైద్యం చేసే రస్తాఫరీలు, అంటే జమైకాలో పుట్టిన రస్తాఫరీ మతాన్ని పాటించేవాళ్లు (పొట్టిగా రస్తాలు). అక్కడి ఆఫ్రికాన్స్ భాషలో వాళ్లని ‘బొసీడొక్టర్’ అంటారు. బొసీ అంటే చిన్న పొద. వాళ్లలో గోనెపట్టా కట్టుకుని చెప్పుల్లేకుండా తిరిగేవాళ్లు ‘సాక్‌మన్నె’. ఇది ‘గోనె మనుషులు’ అని ఇట్టే వచ్చేసింది. మొదటిదే తెమలట్లేదు.

‘మూలికా వైద్యుడు’ అని రాస్తే గోడమీద ప్రకటనలా ఉంది. ‘నాటువైద్యుడు’లో కాస్త చిన్నచూపు ఉంది. మా అమ్మమ్మ ‘పసరు మందు’ అనేది, కానీ పసరంటే పచ్చి ఆకు నలిపితే వచ్చేది. వీళ్లేమో ఎండుకట్టలు అమ్ముతారు. బుచు ఆకు కాచుకుని తాగాలి, ఇంపెపో అయితే పొగ వేసుకోవాలి. ‘విల్డె ఆల్స్’ దగ్గుకీ జలుబుకీ కషాయం. ముక్కు దిబ్బడ వేస్తే ఆ ఆకునే చుట్టి ముక్కులో పెట్టుకుంటారు. అన్నట్టు అది మన మాచిపత్రి జాతిదే. చవితినాడు వినాయకుడికి మొదట వేస్తామే, ఆ పత్రి.

ఇంకో చిక్కు. బైబిల్ ప్రకటన గ్రంథంలో (22:2) ఆకులు జనములను స్వస్థపరచడానికే అన్న మాట రస్తాలకి ప్రాణం. సరే, ‘స్వస్థత’ వాడదామంటే తెలుగులో అది వినగానే స్వస్థత సభల పోస్టర్లే గుర్తొస్తాయి.

వ్యాఖ్య: రస్తాలంటే గంజాయే కదండీ! ఆ మాట కూడా జమైకా నుంచే మనకొచ్చిందట.

జవాబు: తిరగేసి చెప్పారండీ. 1845 నుంచి జమైకా చెరకు తోటలకి కూలీలుగా వెళ్లిన మన దేశం వాళ్లతోనే ఆ మాట అటు వెళ్లింది. రస్తాఫరీ పుట్టింది 1930లలో. కేప్ వైపు మాత్రం దాన్ని ‘డాఖా’ అంటారు, అది అక్కడి ఖోయి భాషల మాట. పైగా వీళ్ల బుట్టలో అదొక్కటే కాదు, చాలా ఉన్నాయి.

వ్యాఖ్య: అన్నా, మా నిజామాబాద్ వైపు ‘చెట్లమందు’ అంటాం. చెట్టంటే పెద్ద మానే కానక్కర్లేదు, మిరపచెట్టు అనట్లేదా? మీ ‘బొసీ’కి సరిపోతుంది.

జవాబు: భలే పట్టుకున్నావు తమ్ముడూ! ‘చెట్లమందు మనిషి’ అని పెట్టేశాను. పక్కనే ‘గోనె మనుషులు’ ఉన్నారుగా, జోడీ కూడా కుదిరింది.