బొమ్మ సైనికుల బయొనెట్ల (తుపాకీ కొనకు ఉండే కత్తుల) మీద రంగు నిలవట్లేదు, ఏం పూయాలి?

1/72 స్కేల్ బొమ్మలు, 1815 వాటర్లూ నాటి బ్రిటిష్ పదాతి దళం. గట్టి పాలీస్టైరీన్ కాదు, వేలితో నొక్కితే వంగే మెత్తటి పాలిథిన్ రకం. ఎర్ర కోట్లు, టోపీలు, వీపు సంచుల మీద రంగు బాగానే పట్టింది. పేచీ అంతా తుపాకీ గొట్టం, బయొనెట్ దగ్గరే. రెండు ఆటలు ఆడేసరికి వంగిన చోటల్లా రంగు పొలుసులా లేస్తోంది, గోటితో గీరితే పొర మొత్తం ఊడొస్తోంది. ఎర్ర కోటు వాళ్ల చేతుల్లో బూడిద రంగు పుల్లలు మిగిలాయి!

గిన్నెలు తోమే లిక్విడ్‌తో, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడిగి ఒక రోజు ఆరబెట్టాను. మొదటి పదిమందికి స్ప్రే ప్రైమర్ (రంగు పట్టడానికి ముందు వేసే పూత) కొట్టి, 24 గంటలు ఆగి అక్రిలిక్ రంగు వేశాను: రెండో ఆటకే పోయింది. తర్వాతి పదిమందికి ప్రైమర్ బదులు తెల్ల జిగురులో సగానికి సగం నీళ్లు కలిపి పూశాను. కాస్త నయం, మూడు వారాలు ఆగింది. అందరికీ పైన మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ రెండు కోట్లు వేశాను. అది గట్టిపడి పగులుతోందేమోనని నా అనుమానం.

ఇంకా 28 మంది మిగిలున్నారు. బయొనెట్ వంగినా రంగు పగలకుండా ఉండాలంటే, ఈ మెత్తటి ప్లాస్టిక్ మీద రంగుకి ముందు ఏం పూస్తున్నారు మీరు?