కొత్త కళాశాలలో ఏఐ సీటా, పాత కళాశాలలో ఈసీఈ సీటా?

దిల్‌సుఖ్‌నగర్ తండ్రి:

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి ఎప్‌సెట్‌లో వచ్చిన ర్యాంకుకు రెండు దారులు కనిపిస్తున్నాయి. నగర శివార్లలో నాలుగైదేళ్ల కిందట మొదలైన ఒక కళాశాలలో సీఎస్‌ఎం, అంటే కృత్రిమ మేధ, మెషీన్ లెర్నింగ్ శాఖలో సీటు దొరికేలా ఉంది. పాతికేళ్లుగా నడుస్తూ, పాఠాలు బాగా చెబుతారని పేరు తెచ్చుకున్న మరో కళాశాలలో ఈసీఈ, అంటే ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్ శాఖలో సీటు వస్తుంది. పట్టా మీద ఏఐ అన్న మాట లేకపోతే నాలుగేళ్ల తరువాత ఉద్యోగమే ఉండదని బంధువులందరూ అంటున్నారు. నేను విద్యుత్ శాఖలో పనిచేసిన మనిషిని. ఈ రంగం సంగతులు నాకు తెలియవు. అమ్మాయికి లెక్కలంటే ఇష్టం. వెబ్ ఆప్షన్లకు వారం రోజులే గడువుంది కనుక తెలిసినవారు దయచేసి దారి చూపగలరు.

కొండాపూర్ ఇంజినీరు:

అయ్యా, సీఎస్‌ఎం తీసుకోండి. నేను మెకానికల్ చదివి, 2011లో అమీర్‌పేటలో మూడు నెలలు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు నేర్చుకుని ఉద్యోగంలో చేరాను. ఆ రోజుల్లో అది సరిపోయింది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన తరువాత, కొత్తగా చేరినవారికి మేము అప్పగించే చిన్న పనులను, అంటే టెస్టు కేసులు రాయడం, పాత ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం వంటివాటిని, చాలా వరకు యంత్రమే చేసిపెడుతోంది. పని నేర్చుకుంటూ ఎదిగే ఆ మొదటి మెట్టు మా జట్టులో ఇప్పుడు దాదాపు లేదు. ముప్ఫై అయిదేళ్ల వయసులో, పిల్లలు నిద్రపోయాక, రాత్రి పదకొండు గంటలకు నేను ఏఐకి పునాది అయిన ప్రాబబిలిటీని, అంటే సంభావ్యత గణితాన్ని, మళ్లీ మొదటి నుంచి చదువుకోవలసి వచ్చింది. అవే పాఠాలను మీ అమ్మాయి తరగతిలో కూర్చుని చదువుకునే అవకాశం ఉన్నప్పుడు దానిని వదులుకోవద్దు. పైగా కొన్ని కంపెనీలు ప్రాంగణ నియామకాలకు కంప్యూటర్ శాఖల వారినే పిలుస్తాయి. మిగిలినవారికి పరీక్ష రాసే వీలు కూడా ఉండదు.

విశ్రాంత గణిత అధ్యాపకుడు:

ఇంజినీరు గారు పడిన శ్రమ పట్ల గౌరవంతోనే వారి సలహాతో విభేదిస్తున్నాను. మొదటి మెట్టు పోయిందన్నది నిజమే కావచ్చు. శాఖ పేరు మారినంత మాత్రాన అది తిరిగి రాదు.

వారు రాత్రిపూట చదువుకున్న ఆ ప్రాబబిలిటీ ఈసీఈ వారికి ప్రధాన పాఠాల్లో ఒకటి. ప్రాబబిలిటీ థియరీ అండ్ స్టొకాస్టిక్ ప్రాసెసెస్ పేరుతో జేఎన్‌టీయూ పరిధిలో ఆ శాఖ విద్యార్థులు ఎన్నో ఏళ్లుగా దానిని చదువుతున్నారు. దానికి తోడు సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ ఉంటుంది. మనం మాట్లాడింది ఫోనుకు అర్థం కావాలంటే, ఆ ధ్వనిని సెకనులో వందో వంతు చొప్పున జరుపుతూ చిన్న ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కలో ఏయే పౌనఃపున్యాలు ఎంత బలంగా ఉన్నాయో లెక్కగట్టడం ఎంతో కాలంగా అనుసరిస్తున్న పద్ధతి. దానికి ఆధారమైన ఫోరియర్ గణితాన్ని విడమరిచి చెప్పేది ఈసీఈ తరగతిలోనే. ఇక ఏ ఏఐ నమూనా (మోడల్) అయినా నడవవలసింది చిప్పుల మీద. క్వాల్‌కామ్, ఏఎండీ వంటి చిప్ సంస్థలకు ఈ నగరంలోనే పెద్ద కార్యాలయాలున్నాయి. చిప్ రూపకల్పనలోకి, దాని పరీక్షలోకి ఈసీఈ పిల్లలు నేరుగా వెళ్లగలరు. వాటిని ఏఐ ఉద్యోగాలుగా మనవాళ్లు లెక్కలోకి తీసుకోకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

కళాశాల సంగతి అంతకంటె ముఖ్యం. ఐఐటీ హైదరాబాద్ 2019లో ఏఐలో బీటెక్ మొదలుపెట్టేనాటికే అక్కడ ఆ రంగంలో పరిశోధన చేసే ఆచార్యులు ఉన్నారు. మనుషులున్నారు కనుక శాఖ వచ్చింది. శివారు కళాశాలల్లో చాలా చోట్ల నేను చూసింది దీనికి తలకిందులు. 2024-25 నుంచి ఒక్కో శాఖలో సీట్ల మీద ఉన్న గరిష్ఠ పరిమితిని సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ ఎత్తివేసిన తరువాత సెక్షన్లు పెంచుకోవడం మరింత సులువైంది, కానీ నేటి ఏఐకి ఆధారమైన న్యూరల్ నెట్‌వర్క్ ఎందుకు నేర్చుకుంటుందో బోర్డు మీద సాధించి చూపగల అధ్యాపకులు అంత వేగంగా తయారు కారు.

మరొక్క మాట. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 2016లో మైక్రోసాఫ్ట్‌తో కలిసి కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది వేరుశనగ రైతులకు, విత్తనం ఎప్పుడు వేయాలో చెబుతూ ఫోన్లకు సందేశాలు పంపింది. దానికి 1986 నుంచి 2015 వరకు ముప్ఫై ఏళ్ల వాతావరణ వివరాలు వాడారు. ఆ అంకెలతో పాటు నేల తేమనూ పంట స్వభావాన్నీ ఎరిగినవారు ఉన్నందువల్లనే ఆ పని సాధ్యమైంది. ఏఐకి అవతల మరొక విద్య చేతిలో ఉన్నవారికి చోటు ఎప్పుడూ ఉంటుంది.

ఉప్పల్ యువతి:

నేను బీకాం చదివి, ఏఐ ఉద్యోగం అన్న ప్రకటన చూసి ఒక చిన్న సంస్థలో చేరాను. రోడ్డు ఫోటోల్లో ఆటోలు, బస్సులు, మనుషుల చుట్టూ గీతలు గీసి పేర్లు పెట్టడం మా పని. రోజుకు ఇన్ని ఫోటోలని లెక్క ఉంటుంది. ప్రాజెక్టు అయిపోతే పనీ అయిపోతుంది. ఈ పని లేకపోతే ఏ నమూనా కూడా తయారు కాదు కనుక దీనిని నేను తక్కువ చేయను. కానీ రెండేళ్లు చేసినా ఇందులో నుంచి పైకి వెళ్లే దారి నాకు దొరకలేదు, ఎందుకంటే పై ఉద్యోగాలన్నీ గణితం, ప్రోగ్రామింగ్ అడుగుతున్నాయి. అంకుల్, ఏ శాఖ అన్న సంగతి నేను చెప్పలేను. ఏఐ అన్న పేరు వెనుక రోజంతా చేసే పని ఏమిటో మాత్రం ప్రతి చోటా అడిగి తెలుసుకోండి.

కొండాపూర్ ఇంజినీరు:

మాస్టారు గారూ, అధ్యాపకుల విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. నియామకాల వడపోత మాత్రం నేను కళ్లారా చూసినది. పాత కళాశాలలో ఈసీఈ వారిని ఎన్ని కంపెనీలు పిలిచాయో అడగకుండా నిర్ణయం తీసుకోవద్దని దిల్‌సుఖ్‌నగర్ వారికి నా మనవి.

దిల్‌సుఖ్‌నగర్ తండ్రి:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న అమ్మాయిని తీసుకుని రెండు చోట్లకూ వెళ్లాను. కొత్త కళాశాలలో ప్రయోగశాల చక్కగా ఉంది. మూడో సంవత్సరం డీప్ లెర్నింగ్ ఎవరు చెబుతారని అమ్మాయి అడిగితే, ఇంకా తీసుకోవలసి ఉందన్నారు. పాత కళాశాలలో సిగ్నల్స్ చెప్పే మేడమ్ అరగంట కూర్చోబెట్టుకుని మాట్లాడారు. ఇంజినీరు గారు చెప్పినట్లే నియామకాల పట్టిక కూడా అడిగాను. నిరుడు వచ్చిన కంపెనీల్లో కొన్ని ఈసీఈ వారిని పిలవలేదన్నది నిజమే, ఆ దిగులు నాకు ఇంకా ఉంది. ఇంటికి వచ్చాక అమ్మాయి తన చేతితోనే ఈసీఈని మొదటి ఆప్షన్‌గా, సీఎస్‌ఎంను రెండోదిగా పెట్టింది.