సేబన్ తర్వాత అలబామా యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ ఎవరు? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి
ఆ యూనివర్సిటీ ఉన్న టస్కలూసాలో ఎమ్మెస్ చేస్తున్నాను, క్రికెట్ తప్ప ఇంకే ఆటా తెలీదు. నిన్న (2024 జనవరి 10న) ఇక్కడి కోచ్ నిక్ సేబన్ రిటైరయ్యారని తెలిసినప్పటి నుంచి మా ల్యాబ్‌లో ఎవరూ పని ముట్టుకోలేదు, వైట్‌బోర్డు మీద నా ఈక్వేషన్లు తుడిచేసి మరీ ఆయన స్థానంలోకి రావచ్చనుకునే వేరే కాలేజీల కోచ్‌ల పేర్లు రాశారు: లానింగ్, సార్కీసియన్, నార్వెల్, డిబోర్, కిఫిన్. 17 సీజన్లలో 6 జాతీయ టైటిళ్లు తెచ్చినాయన కుర్చీ, ఎవరు కూర్చున్నా ముళ్లమీదే అనిపిస్తోంది నాకైతే. సార్కీసియన్, కిఫిన్ ఇదివరకు ఇక్కడే సేబన్ దగ్గర అఫెన్స్ (పాయింట్లు సాధించే విభాగం) చూసుకున్నవాళ్లు కదా, మరి మొన్న సోమవారమే జాతీయ ఫైనల్లో మిషిగన్ చేతిలో ఓడిన వాషింగ్టన్ జట్టు కోచ్ డిబోర్ పేరు ఎందుకొస్తోంది? ఒప్పందం మధ్యలో వదిలి వస్తే కట్టాల్సిన బయౌట్ ఎవరి జేబులోంచి పోతుంది, కోచ్‌దా, యూనివర్సిటీదా? కోచ్ మారితే ఆటగాళ్లు వేరే కాలేజీకి వెళ్లిపోవడానికి ఈ 2024 నాటి నియమం ప్రకారం 30 రోజులు గడువిస్తారట, నిజమేనా? త్వరగా చెప్పండి, రేపటి లంచ్ మీద పందెం కాశాను, అదీ లానింగ్ మీద.