ఫువాముల్లాలో పులి సొరలతో డైవింగ్: ఓపెన్ వాటర్ కోర్సు సరిపోతుందా?

ప్రశ్న: మాల్దీవుల్లో ఫువాముల్లా వెళ్దామనుకుంటున్నాం. అండమాన్‌లోని హేవ్‌లాక్‌ దీవిలో ఓపెన్ వాటర్ (స్కూబా డైవింగ్‌లో మొదటి స్థాయి కోర్సు) చేశాను, ఇప్పటికి 12 డైవ్‌లు. టైగర్ షార్కులంటే మా ఆవిడకి టెన్షన్. వెళ్లినవాళ్లు చెప్పండి.

జవాబు: అన్నా, నేను పోయిన ఫిబ్రవరిలో వెళ్లొచ్చాను. మాలె నుంచి ఇంకో విమానం ఎక్కాలి, బాగా దక్షిణాన ఉంటుంది. హార్బర్‌లో జాలరులు పారేసే చేపల వ్యర్థాలకే సొరలు అలవాటు పడ్డాయి, అందుకే తీరానికి అంత దగ్గర్లో కనిపిస్తాయి. మొదటిది నా పక్కనుంచి వెళ్లినప్పుడు ఒంటి మీద చారలు లెక్కపెట్టగలిగాను. భయం వేసింది, నిజమే. కానీ అది తొందరపడలేదు, నేనూ పడలేదు. గైడ్ చెప్పింది ఒకటే: దాని కళ్లలోకి చూస్తూ ఉండు, వీపు తిప్పకు, చేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకో.

ఇంకో జవాబు: 12 డైవ్‌లు తక్కువే. ముందు బాయెన్సీ (నీళ్లలో పైకి తేలిపోకుండా, కిందికి మునిగిపోకుండా ఉండటం) కుదరాలి. చేతులు ఆడించకుండా ఒకేచోట నిలబడటం వచ్చాక వెళ్లండి, అక్కడ నీటి ప్రవాహం కూడా ఉంటుంది. ఓపెన్ వాటర్ పరిమితి 18 మీటర్లు, దాని తర్వాతి అడ్వాన్స్‌డ్ కోర్సు చేస్తే 30 దాకా దిగొచ్చు.

మొదటి జవాబిచ్చినవారు: అవును, ఆయన మాట వినండి. చివరి డైవ్‌కీ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉంచుకోండి. ఆ రోజు ఊళ్లో తిరగండి, మంచినీటి చెరువులు రెండున్నాయి. 2010లో మాల్దీవుల్లో సొరల వేట నిషేధించారు, అందుకే ఇవి ఇంకా మిగిలున్నాయి. వదినగారిని పడవ మీదైనా తీసుకెళ్లండి.