ఏసీ కింద గోడకి బూజు: తుడిచినా పది రోజులకే మళ్ళీ వస్తోంది

ప్రశ్న:
బెడ్‌రూమ్‌లో స్ప్లిట్ ఏసీ. ఇండోర్ యూనిట్ కుడి మూల కింద రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తున గోడంతా నల్లటి చుక్కలు. పుట్టీ పెట్టిన సిమెంటు గోడ. ఏసీ వేసిన గంటకి నీళ్ళు చుక్కలుగా మొదలవుతాయి, ఆపేశాక కాసేపు ఇంకా జోరుగా కారి ఆగుతాయి. బ్లీచ్‌తో తుడిస్తే పోయి, మళ్ళీ వచ్చింది. ఫంగస్ పట్టని పెయింటు వేయిస్తే చాలా? ముందు పిలవాల్సింది మెకానిక్‌నా, పెయింటర్‌నా?

జవాబు 1:
మెకానిక్‌నే. పెయింటర్‌ది ఆఖరి వంతు.

ఆపాక జోరుగా కారుతోందన్నారు చూడండి, అసలు ఆచూకీ అక్కడుంది. డ్రెయిన్ పైపు (ఏసీ నీళ్ళు బయటికి పోయే గొట్టం) పూడిపోతే ఏసీ నడుస్తున్నంతసేపూ కారుతుంది. ఆపాక ఎక్కువైందంటే కాయిల్ (లోపల గాలిని చల్లబరిచే గొట్టాల చట్రం) మీద మంచు పేరుకుని, అది ఒక్కసారిగా కరిగి, కింద నీళ్ళు పట్టే ట్రే పొంగుతోందన్నమాట. మంచు కట్టేది ఎక్కువగా రెండు కారణాలకి: ఫిల్టర్లోనో, గాలిని గదిలోకి తోసే బ్లోయర్ చక్రంలోనో దుమ్ము నిండి గాలి ఆడకపోవడం, లేదా గ్యాస్ తగ్గడం. ఫిల్టర్లు కడిగి, ఆరబెట్టి పెట్టండి. గంట నడిపి, ఆపి, మూత ఎత్తి టార్చి వేసి చూడండి. అప్పటికీ కాయిల్ తెల్లబడి ఉంటే, బ్లోయర్ కూడా శుభ్రంగా ఉంటే, గ్యాస్‌నే అనుమానించాలి. గ్యాస్ వాడకంతో అరిగిపోయేది కాదండీ, తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. అది పట్టుకోకుండా ఊరికే నింపి వెళ్తానంటే ఒప్పుకోవద్దు.

జవాబు 2:
పై మాట సరైనదే, కానీ డ్రెయిన్‌ని వదిలేయకండి. రెండు తప్పులూ కలిసే ఉండొచ్చు.

ఏసీకి కరెంటు వెళ్ళే ఎంసీబీ స్విచ్ ఆపి, ట్రేలో లీటరు నీళ్ళు మెల్లగా పోయండి. బయట పైపు చివర ధారగా రావాలి. చుక్కలుగా వస్తే లోపల పాకుడు పట్టినట్టు. బయటి చివర నుంచి వెట్ వాక్యూమ్‌తో (నీళ్ళని కూడా పీల్చే వాక్యూమ్ క్లీనర్) రెండు మూడు నిమిషాలు లాగితే జిగురు ముద్దలా వచ్చేస్తుంది. లోపలి నుంచి ప్రెషర్ కొడితే మాత్రం జాయింటు ఊడి, గోడలోపలే కారడం మొదలవుతుంది. పైపుకి మీటరుకి కనీసం 1 సెం.మీ. వాలు ఉండాలి. మధ్యలో పైకి లేచిన మెలిక ఉండకూడదు, చివర బకెట్ నీళ్ళలో మునగకూడదు.

కారేది కుడి మూలే కాబట్టి పైపు ఏ వైపు బిగించారో చూడండి. ఎడమవైపైతే యూనిట్ కుడికి ఒరిగి ఉండొచ్చు, లేదా ట్రేకి కుడివైపున్న, వాడని రంధ్రానికి పెట్టిన రబ్బరు బిరడా వదులై ఉండొచ్చు.

జవాబు 3:
ఇక గోడ సంగతి. బ్లీచ్ రంగు పోగొడుతుంది, అందులోని నీళ్ళు మాత్రం పుట్టీలోకి ఇంకి లోపలి బూజుకి తడి అందిస్తాయి. పైగా చెమ్మ ఆగలేదు. అందుకే పది రోజులు.

మీది 6 చదరపు అడుగులు. 10 లోపైతే సొంతంగా చేసుకోవచ్చు, ఆస్తమా ఉన్నవాళ్ళు మాత్రం ఆ గదికి దూరంగా ఉండాలి. ఎన్‌95 మాస్కు, గ్లవ్స్, కళ్ళద్దాలు పెట్టుకోండి. కిటికీ తెరిచి, గది తలుపు మూసి, ఫ్యాన్ ఆపండి. పొడిగా గీకితే బూజు గదంతా ఎగురుతుంది, అందుకని డిటర్జెంటు నీళ్ళతో తడిపి, మరకకి అడుగు అవతల దాకా పుట్టీని ప్లాస్టర్ వరకూ తీసేయండి. పెచ్చుల్ని కవర్లో మూటకట్టి పారేయాలి. బ్లీచ్‌లో వెనిగర్‌గానీ యాసిడ్‌గానీ అమ్మోనియాగానీ కలపకండి, విషవాయువు వస్తుంది.

అదే జిప్సం బోర్డు అయితే కడగడం దండగ, ఆ ముక్క కోసి మార్చడమే.

ప్రశ్న అడిగినవారు:
గోడ ఆరిందని ఎలా తెలుస్తుందండీ? చేత్తో తాకితే ఇప్పుడూ పొడిగానే ఉంది.

జవాబు 3:
చెయ్యి మోసం చేస్తుంది. 45 సెం.మీ. చదరపు ప్లాస్టిక్ షీటుని నాలుగు అంచులా టేపుతో గాలి చొరకుండా అంటించి ఒక రోజు ఉంచండి. లోపలివైపు నీటి ఆవిరి పట్టినా, గోడ రంగు ముదిరినా ఇంకా తడే. ఏసీ వారం రోజులు ఆపినా మరక పెరుగుతుంటే అది ఏసీ నీళ్ళు కాదు, గోడలోకి చెమ్మ ఇంకెక్కడి నుంచో వస్తున్నట్టు. షీటు పొడిగా వచ్చాకే ప్రైమర్, పుట్టీ. మీరడిగిన ఫంగస్ పెయింటు ఆ తర్వాత.